తెల్లక్క ఆదివారం

తెల్లక్క కొండెక్కి షికారు చేసినందువల్ల ఆ మనిషి చనిపోలేదు. ముందే ఈ మాట చెప్పేస్తున్నాను. ఉదయగిరి, దుత్తలూరు, వరికుంటపాడు చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా ఆ కథను ఒకే తీరుగా చెబుతారు. సేవ చేస్తానని ఎక్కడి నుంచో వచ్చిన తెల్లపిల్ల, కడుపుతో ఉన్న మనిషికి బాగాలేదని కబురొస్తే పట్టించుకోకుండా దుర్గం కొండెక్కి కూర్చుందని, పైగా ఆ మనిషి మొగుడి దగ్గరే మేకపాలు తాగి నవ్వుతూ దిగివచ్చిందని. పాతికేళ్ళకు పైగా వింటున్నాను. కొండెక్కిన మాట నిజం, పాలు తాగిన మాట నిజం, నవ్విన మాట కూడా నిజమే. తెల్లక్కకు కబురు అందిందన్నది మాత్రం అబద్ధం. ఆ అబద్ధం ఎలా పుట్టిందో నాకు తెలుసు, తెలిసీ ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు.

పోయిన నెల ఆత్మకూరులో ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ జరిగింది. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే నన్ను, ఒకప్పుడు ఆ పని చేసినదాన్నని, నాలుగు మంచి ముక్కలు చెప్పమని పిలిచారు. నాకంటే ముందు ఒక కుర్ర డాక్టరు మాట్లాడాడు. ఈ పనిలో సెలవనేది లేదని, ఆదివారం ఫోను ఆపేసుకుంటే ఊరుకునేది లేదని ఆ ఆడపిల్లలను బెదిరిస్తూ, దానికి ఉదాహరణగా ఈ తెల్లపిల్ల కథ ఎత్తుకున్నాడు. అతను అప్పటికి పుట్టాడో లేదో! మా తరం వాళ్ళు నోటితో ఊదిన కథ అతని చేతిలో పాఠమై కూర్చుంది. నేను లేచి అది అబద్ధమన్నాను. అతను నొచ్చుకోకుండా నవ్వి, "అయితే జరిగిందేంది మేడమ్, మీరే చెప్పండి, పిల్లలు వింటారు" అన్నాడు. నలభైమంది ఆడపిల్లలు నా వైపు తిరిగారు. కౌన్సిలింగ్ హాలులో, బస్సులో, బ్యాంకులో, పెళ్ళిపందిట్లో ఎక్కడ తప్పు కనిపించినా తగువు పెట్టుకునే నేను, గ్లాసెడు నీళ్ళు తాగి, కాలేజీలో క్లాసుందని చెప్పి బయటికొచ్చేశాను. ఆరోజు క్లాసు లేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ డాక్టరు అడిగినదానికి జవాబు.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఊళ్ళల్లో ఫోన్లు లేవు, కబురంటే మనిషి నోటివెంట పోవాల్సిందే. మాది సంగం దగ్గర కాలువ కింద ఊరు. మడి చెక్కలున్న ఇల్లు, పంచాయతీలో నాయన మాటకు విలువున్న ఇల్లు. ఆత్మకూరులో డిగ్రీ అయిపోయాక సంబంధాలు చూస్తున్న నాయనతో దెబ్బలాడి, ఉదయగిరిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ వాళ్ళకు ఇంగ్లీషు తెలిసిన ఆడపిల్ల కావాలంటే నేను పోతానన్నాను. నాయనకు ఉదయగిరి అంటే నీళ్ళు దొరకని మెట్ట దేశం, పనిలేనివాళ్ళు పోయే చోటు. "కొండల్లో గొర్రెలకు చెప్తావా మే నీ ఇంగ్లీషు?" అని ఎగతాళి చేశాడు. ఆయన ఎగతాళి తర్వాత కొంతవరకు నిజమైంది కూడా.

అక్కడ నా పని, ఐర్లండు నుంచి రెండేళ్ళ కోసం వచ్చిన నర్సు వెంట తిరుగుతూ ఆమె మాట వీళ్ళకు, వీళ్ళ మాట ఆమెకు చెప్పడం. నాకు ఇరవై రెండు, ఆమెకు ఇరవై ఎనిమిది. మొదటి వారంలోనే గొర్రెలు కాచుకునేవాళ్ళ పల్లెలో ఒక అవ్వ ఆమె చెయ్యి తన చేతిలో పెట్టుకుని, తిప్పి చూసి, ఇంత తెల్లటి మనిషి ఎండకు ఎట్టా బతుకుతుందని నన్నడిగి, ఆ నిమిషం నుంచి తెల్లక్క అని పిలిచింది. ఆ పేరే నిలిచిపోయింది. ఆ అవ్వ దుత్తలూరుకు ఇవతల ఆ పల్లెలో కొడుకుతో, కోడలితో ఉండేది. ఈ కథంతా ఆ ఇంటిదే కాబట్టి ఆ ముగ్గురినీ గుర్తు పెట్టుకోండి.

తెల్లక్క ఇంట్లోనూ గొర్రెలే. ఆ సంగతి తెలిసిన రోజు పల్లెలో పండగైంది. వాళ్ళ నాయనకు ఎన్ని జీవాలు, అక్కడ తోడేళ్ళుంటాయా, ఉన్ని కత్తిరించేది మగవాళ్ళా ఆడవాళ్ళా, ఇలా ప్రశ్న మీద ప్రశ్న. నేను ఆ ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో పెట్టి, జవాబులు తెలుగులో పెట్టి, నోరెండిపోయి కూర్చున్నాను. పెళ్ళెందుకు చేసుకోలేదన్న ప్రశ్న మాత్రం పల్లె పల్లెకూ వచ్చేది. ఆమె చెప్పే జవాబు ఎవరికీ నచ్చదని, నేనే సొంతంగా, వాళ్ళ దేశంలో నర్సులు ముప్పై దాటాకే చేసుకోవాలని నియమం ఉందని చెప్పేదాన్ని. ఒకరి మాట ఒకరికి మోసే పనిలో మధ్యలో కాస్త సర్దడం అలా అలవాటైంది. అప్పట్లో అది తెలివనుకున్నాను.

ఆమెకొక నియమం ఉండేది. వారంలో ఆరు రోజులు ఎంత చెప్తే అంత పని, ఏడో రోజు తనది. ఆదివారం పొద్దున బట్టలుతుక్కుని, సద్ది కట్టుకుని, దుర్గం కొండెక్కేది. పాత కోట గోడల మధ్య కూర్చుని పుస్తకం చదువుకునేది, పిట్టల బొమ్మలు గీసేది, సాయంత్రానికి దిగివచ్చి, ఊళ్ళో చెక్క గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని వాళ్ళ పని చూసేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. జబ్బులకు ఆదివారం ఉందా, సముద్రాలు దాటి వచ్చింది కొండలెక్కడానికా అని మొహం మీదే అడిగాను. ఆమె కోప్పడలేదు. అంతకుముందు వేరే దేశంలో తనతో పనిచేసిన స్నేహితురాలు ఒక్క రోజు కూడా ఊపిరి తీసుకోకుండా పనిచేసి, చివరికి రోగులను చూస్తే అసహ్యం పుట్టే స్థితికి వచ్చి, ఒక తల్లిని చెయ్యెత్తి కొట్టిందని చెప్పింది. ఆ స్థితికి రాకుండా ఉండటానికే ఈ ఒక్క రోజు అంది. నేను అప్పటికీ ఒప్పుకోలేదు. ఒక వర్షాకాలమంతా ఆదివారం గురించి మేమిద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం.

కానీ ఆ నియమాన్ని చెడగొట్టింది నా వాదన కాదు, ఊళ్ళ ప్రేమ. తెల్లక్క ఇంటికి రావడమంటే ఇంటికి గౌరవం. ఆమె వచ్చి పోయిన ఇంటి గురించి నాలుగు రోజులు మాట్లాడుకునేవాళ్ళు. ఆదివారం అయితే ఆమెకు వేరే పని ఉండదు, కాసేపు కూర్చుంటుందని, సరిగ్గా ఆ రోజే కబురు పంపేవాళ్ళు. మా గది తలుపు కొట్టి, "తెల్లక్కను రమ్మని చెప్పి పంపించినారు" అనేవాళ్ళు. ఆమె ముక్కలు ముక్కలుగా కాకుండా మొత్తంగా నేర్చుకున్న మొదటి తెలుగు వాక్యం అదే. చెప్పి పంపించినారు అని నాకంటే ముందు తనే అనేసి, చెప్పులేసుకుని లేచేది. ఒకసారి వరికుంటపాడు వైపు నుంచి కాన్పు నొప్పులని పరుగు మీద కబురొస్తే, ఎండలో సైకిళ్ళ వెనక కూర్చుని పోయాం. పోతే అక్కడ పిల్లకు చెవులు కుట్టే వేడుక, ఫోటోగ్రాఫరు తయారుగా ఉన్నాడు, తెల్లక్క నిలబడితే ఫోటో తీసుకోవాలని కూర్చున్నారు. నేను ఆ ఇంటి పెద్దను తిట్టిన తిట్లు ఆయన అంతవరకూ ఎక్కడా విని ఉండడు. ఆయన తొణక్కుండా, "నిజం చెప్తే మీరొస్తారా ఏంది?" అన్నాడు. తెల్లక్క పకపకా నవ్వి ఫోటోకు నిలబడింది.

అవ్వ ఇంటి నుంచి కూడా ఒక ఆదివారం కబురొచ్చింది. పోయి చూస్తే కానుపు కష్టమైంది గొర్రెకు. నాకు తల తిరిగిపోయింది. తెల్లక్క మాత్రం మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గొర్రె పక్కన నేల మీద పడుకుని, అడ్డం తిరిగిన పిల్లను సర్ది బయటికి తీసింది. ఆమె మొహంలో అంత సంతోషం ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. అవ్వ కోడలు, సన్నటి మనిషి, నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నదేమో, రెండేళ్ళ ఆడపిల్లను చంకనేసుకుని నిలబడి, "మా అమ్మి పుట్టినప్పుడు గూడా ఈయక్క ఉండుంటే బాగుండునే" అంది. దారి పొడుగునా నేను గొణుగుతూనే వచ్చాను. మనుషుల నర్సును గొర్రెలకు పిలుస్తారా, ఇక ఈ ఇంటి నుంచి ఏ కబురొచ్చినా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలని మనసులో రాసుకున్నాను. రాసుకున్నది చెరిపెయ్యడం మర్చిపోయాను.

అలా ఆదివారాలన్నీ పోయాక, రెండో ఏడు మధ్యలో తెల్లక్కకు కామెర్లొచ్చాయి. మూడు వారాలు మంచం దిగలేదు. లేచాక కూడా మనిషి సగమైంది, చిన్నదానికి విసుక్కునేది, ఒకరోజు బరువు చూసే త్రాసులో కూర్చోనని ఏడుస్తున్న పిల్లను గదమాయించి, తర్వాత తనే వెనక్కి పోయి కళ్ళు తుడుచుకుంది. నాకు ఆమె స్నేహితురాలి కథ గుర్తొచ్చింది. మా సంస్థ పెద్దాయన కూడా నన్ను పిలిచి, ఇకనుంచి ఆదివారం వచ్చే కబుర్లు నువ్వే విను, నిజంగా అవసరమైనది మాత్రమే ఆమె దాకా పోనీ, మిగతావి సోమవారానికి ఆపు అన్నాడు. ఆదివారం ఎందుకని పోట్లాడిన నేనే ఆ ఆదివారానికి కాపలాదారునయ్యాను. నాకు ఏ పని ఇచ్చినా కొంచెం ఎక్కువే చేస్తాను. కబురు తెచ్చినవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి, ఎవరికి, ఎప్పటి నుంచి, ఏమిటి అని ప్లీడరులా ప్రశ్నలు వేసి, పదింట్లో తొమ్మిది వెనక్కి పంపేదాన్ని. ఆ తొమ్మిదీ నిజంగానే వెనక్కి పంపాల్సినవే. అదే నా ధీమా. వీళ్ళు మా మనుషులు, వీళ్ళ ఎత్తులన్నీ నాకు తెలుసునన్న ధీమా.

ఈలోగా అవ్వ కోడలికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. కార్తీకం ముందు మేం పోయినప్పుడు తెల్లక్క రక్తపోటు చూసి, రెండోసారి చూసి, పెదవి కొరుక్కుంది. కాళ్ళకు నీరుంది. తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకలేసినా, ఆ క్షణమే కబురు పంపమని అవ్వకు చెప్పమంది. చెప్పాను. చెప్పడమేమిటి, కడుపుతో ఉన్నవాళ్ళలో ఏ లక్షణాలు ప్రమాదమో బొమ్మలతో ఒక చార్టు ఉండేది, దానికి తెలుగు రాసింది నేనే, ఊరూరా దండెం మీద వేలాడదీసి కర్రతో చూపిస్తూ చదివింది నేనే. మొదటి బొమ్మ కింద 'విడవని తలనొప్పి' అని నా చేతిరాతే ఉండేది. అవ్వ రెండు చేతులూ నడుముకు పెట్టుకుని అంతా విని, "సరే, పంపిస్తాలే పాపా. మీరు చెప్పినట్టే చేస్తా" అంది.

చెప్పినట్టే చేసింది.

కార్తీక మాసం. వానలు పడి దుర్గం కొండంతా పచ్చబడి, రాళ్ళ మీది నుంచి నీళ్ళు దూకుతున్న ఆదివారం. రెండు నెలల తర్వాత మొదటిసారి తెల్లక్క కొండెక్కుతానంది, ఒంట్లో ఓపిక తక్కువ కాబట్టి నన్నూ తోడు రమ్మంది. అరటిపళ్ళకు నేను పొద్దున్నే బస్టాండుకు పోయాను. దుత్తలూరు వైపు నుంచి మొదటి బస్సొచ్చింది. ఆ బస్సు కండక్టరు మా పనికి పోస్టుమాను లాంటివాడు, పల్లెల కబుర్లన్నీ అతని నోటి మీదే మాకు చేరేవి. నన్ను చూసి కిటికీలోంచి వంగి, "అమ్మా, అవ్వ చెప్పమనింది. కోడలికి తలకాయ నొప్పంట. వీలుంటే తెల్లక్కను రమ్మనింది. వీలుంటేనే అనింది" అన్నాడు. అని, ఈల ఊది, బస్సును వెనక్కి తీయించుకుంటూ పోయాడు.

నేను చేసిన తప్పేమిటో మన పక్క వాళ్ళకే అర్థమవుతుంది. మన పల్లెల్లో కడుపుతో ఉన్న మనిషి కష్టాన్ని నలుగురిలో పెద్దది చేసి చెప్పరు, దిష్టి తగులుతుందని. బస్సు నిండా జనముండగా అవ్వ నోరు తెరిచి, నా కోడలు కడుపుతో ఉండాది, దానికి ప్రాణం మీదికొచ్చిందని అరవదు. తలకాయ నొప్పంటుంది, వీలుంటేనే అంటుంది. ఫోటోల కోసం పిలిచినవాళ్ళందరూ ప్రాణాలు పోతున్నాయని పిలిచారు. ప్రాణం పోయే ఇంటి నుంచి వచ్చిన కబురు ఒక్కటే మెల్లగా వచ్చింది. ఈ తేడా తెల్లక్కకు తెలియకపోవచ్చు, పరాయి దేశం మనిషి. నేను ఇక్కడ పుట్టినదాన్ని. ఇరవై నెలలుగా ఇక్కడి మాటలే మోస్తున్నదాన్ని. కానీ నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది చార్టు కాదు, గొర్రె. మళ్ళీ మొదలుపెట్టింది ఈ అవ్వ, పొద్దున్నే కోడలికి తలనొప్పంట, రేపు ఎటూ ఆ పల్లెకే పోతున్నాం కదా అనుకుని, డజను అరటిపళ్ళు బేరమాడి తెచ్చాను.

తెల్లక్కకు చెప్పలేదు. చెబితే చెప్పులేసుకుని లేస్తుంది.

కొండ సగం ఎక్కాక జీవాలు కనిపించాయి, అవ్వ కొడుకు మంద. నాలుగు రోజుల నుంచి కొండమీదే ఉన్నాడట. మమ్మల్ని చూసి సంబరపడిపోయి, కంబళి పరిచి, మందలో ఉన్న మేకను అప్పటికప్పుడు పిండి, మూడు రాళ్ళ పొయ్యి మీద కాచి ఇచ్చాడు. తెల్లక్క తను తీసిన గొర్రెపిల్లను గుర్తుపట్టింది, అది ఇప్పుడు పెద్దదై ఆమెను కుమ్మబోతే అందరం నవ్వాం. ఆ నవ్వే ఇప్పటికీ కథలో ఉంది. అతను నా పక్కకు తిరిగి, భార్య సంగతి మగవాడు నేరుగా అడగడానికి సిగ్గుపడే తీరులో, కర్రతో నేల గీకుతూ, "మా ఇంటికాడ ఎట్టుండారక్కా?" అని అడిగాడు.

"బాగుండారు" అన్నాను.

ఎందుకన్నానంటే, తలనొప్పి అని చెబితే అతను తెల్లక్కను చూస్తాడు, తెల్లక్క నన్ను చూస్తుంది, ఆ ఆదివారం అక్కడితో అయిపోతుంది. అతను కుదుటపడి, పాలగిన్నె నాకే ముందు అందించాడు.

ఆ పై మూడు గంటలు తెల్లక్క గోడ నీడలో కూర్చుని పిట్టల బొమ్మలు గీసుకుంది. కామెర్ల తర్వాత మొదటిసారి ఆమె బుగ్గల మీద రంగు కనిపించింది. నేను పక్కన కూర్చుని నా పని నేను చేస్తున్నానని గర్వపడ్డాను.

దిగేసరికి పొద్దు వాలుతోంది. మా గది ముందు జనం నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం కోడలికి మూర్ఛలొచ్చాయట. ట్రాక్టరులో దుత్తలూరుకు, అక్కడి నుంచి ఎవరి లారీలోనో ఆత్మకూరు ఆసుపత్రికి బయలుదేరితే, ఆత్మకూరు పొలిమేరల్లోనే ప్రాణం పోయిందట. బిడ్డ కడుపులోనే పోయింది. కొండ మీద ఉన్న మొగుడికి చెప్పడానికి అప్పటికి ఇంకా ఎవరూ పోలేదు.

పదకొండు రోజులు గడిచాక ఆ పల్లె బడి వరండాలో కూర్చోబెట్టారు మమ్మల్ని. మా పెద్దాయన, ఊరి పెద్దలు, అవ్వ, ఆమె కొడుకు, బస్సు కండక్టరు. కబురందుకున్నదెవరని పెద్దాయన అడిగితే, కండక్టరు నా వైపు చూడకుండా, ఆఫీసు వాళ్ళకు చెప్పినానండీ అని ఊరుకున్నాడు. ఆఫీసంటే తెల్లక్క అని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను. అవ్వ ఏడవలేదు. మెల్లగా తెల్లక్క ముందుకొచ్చి, మొదటి వారంలో పట్టుకున్నట్టే ఆమె చెయ్యి పట్టుకుని, "చెప్పి పంపించినాం గదమ్మా. ఎందుకు రాలేదు?" అని అడిగింది. ఆమె కొడుకు కర్ర మీద గడ్డం ఆనించి, ఎవరినీ చూడకుండా, "కొండ మీద నాకాడ కూసోని పాలు తాగినారు గదా. అప్పుడన్నా చెప్పుండొచ్చునే" అన్నాడు.

ఆ రెండు మాటలనూ ఇంగ్లీషులో పెట్టాల్సింది నేను. ఎందుకు రాలేదని అడుగుతున్నారు అని మాత్రమే పెట్టాను. చెప్పి పంపించినామన్న ముక్క మింగేశాను. అతని మాటైతే, దుఃఖంలో ఏదో అంటున్నాడని చెప్పాను. తెల్లక్క చాలాసేపు నన్నే చూసింది. తర్వాత అవ్వ వైపు తిరిగి, ఆ రోజు నా సెలవు, నేను కొండ మీదున్నాను, అంతకంటే చెప్పుకోదగిన కారణం నా దగ్గర లేదు, నన్ను క్షమించమనడానికి కూడా నోరు రావడం లేదు అంది. ఆ మాటలను మాత్రం ఒక్కటి కూడా పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను. అంతమందిలో, ఆమె తప్పొప్పుకున్న మాటను గట్టిగా, స్పష్టంగా, నా నోటితో చెప్పాను. ఇప్పటికీ ఊళ్ళు చెప్పుకునే కథ ఆ నిమిషం నా నోట్లోంచి వచ్చిందే.

తర్వాతొకరోజు బస్టాండులో కండక్టరు నా పక్కకొచ్చి నిలబడి, నేనడక్కుండానే, "ఊరుకోమ్మా. తెల్లక్క ఎట్టాగూ వాళ్ళ దేశం పొయ్యేదే. నువ్వు ఈడ బతకాల్సినదానివి, పెళ్ళి గావాల్సినదానివి" అన్నాడు. మంచివాడు. మా నాయన పేరు, మా ఇంటి పరువు, నా ఈడు అన్నీ లెక్కలోకి తీసుకుని, నన్ను కాపాడాననుకున్నాడు. ఆ మంచితనం మీద నేనొక్కసారి కూడా తగువు పెట్టుకోలేదు. కోపమొచ్చినప్పుడల్లా ఎదుటివాడి మీద అరిచే నేను ఆరోజు తలూపాను.

తెల్లక్క గడువుకు రెండు నెలల ముందే వెళ్ళిపోయింది. మిగిలిన రోజుల్లో ఒక్క ఆదివారం కూడా కొండవైపు చూడలేదు. అవ్వ ఇంటికి మాత్రం వారం వారం పోయేది, నన్ను తోడు రమ్మనేది కాదు. తల్లి లేని ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకునేదట, అవ్వ ఏదో చెబుతుంటే వినేదట. మాట మోసే మనిషి లేకుండా ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అవ్వ కొడుకు ఆ ఏడే జీవాలను అమ్మేసి, పిల్లనూ తల్లినీ తీసుకుని కూలిపనికి ఎటో పోయాడు. బయలుదేరే రోజు ఉదయగిరి బస్టాండులో తెల్లక్క సామాను బస్సుపైకి ఎక్కించాక, నా భుజం మీద చెయ్యేసి, తన వచ్చీరాని తెలుగులో, "ఆదివారం మానొద్దు" అంది. అంతే అంది. నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చింది. ఏడవాల్సింది ఎవరు, ఓదార్చాల్సింది ఎవరు!

ఒక ఏడాదికి ఉత్తరం వచ్చింది, వాళ్ళ నాయన గొర్రెల ఫోటోతో. క్షేమసమాచారాలు తప్ప ఇంకేమీ లేదు. జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టాను. చింపేశాను. ఆ తర్వాత పెళ్ళి, ఆత్మకూరు, కాలేజీ, పిల్లలు. ఉత్తరం మీది అడ్రసు ఎప్పుడో చెదలు తినేసింది. దుర్గం కొండ మళ్ళీ ఎక్కలేదు. వానలు పడ్డాక కాలేజీ పిల్లలందరూ జలపాతాలు చూడ్డానికి బైకుల మీద పోయి ఫోటోలు పంపిస్తుంటే, ఫోను పక్కన పెట్టేస్తాను.

ఇప్పుడు కబురుకు కండక్టరు అక్కర్లేదు. ఏ పల్లెలోనైనా ఫోను కొడితే అంబులెన్సు వస్తుంది. కడుపుతో ఉన్న ప్రతి మనిషి పేరూ ఆ ఆరోగ్య కార్యకర్తల ఫోనుల్లో ఉంటుంది. అది చూసి నేను సంతోషించని రోజు లేదు. అయితే ఆ పిల్లల ఫోను ఆదివారం కూడా మోగుతూనే ఉంటుంది. వాళ్ళకు ఒక్క పూట ఊపిరి తీసుకునే వీలు లేకుండా చెయ్యడానికి, నా తప్పును తెల్లక్క మెడకు కట్టిన కథను పాఠంగా చదువుతున్నారు. ఆరోజు తప్పు కొండది కాదు, సెలవుది కాదు, పాలు తాగి నవ్విన తెల్లక్కది అసలే కాదు. కబురు విన్నది నేను, ఆపింది నేను, చనిపోయిన మనిషి మొగుడికి బాగుండారని చెప్పింది నేను. ఇది రాసిన కాగితం మొదటి ప్రతి ఆ కుర్ర డాక్టరుకే ఇస్తాను, ఆ నలభైమంది పిల్లల ముందు నన్ను పిలిచి చదివించమని అడుగుతాను. నా గురించి ఊళ్ళు ఏమనుకుంటాయో అనుకోనీ. పెళ్ళి కావాల్సినదాన్ని కాను కదా ఇప్పుడు.

ఒక్కటి మాత్రం నాకు తేలడం లేదు, చెప్పగల మనిషి ఎక్కడుందో తెలియదు. ఆ బడి వరండాలో అవ్వ అన్న మాట, తెల్లక్క అన్నిటికంటే ముందు నేర్చుకున్న మాట, ఆదివారం ఆదివారం మా గుమ్మంలో విని చెప్పులేసుకున్న మాట, నేను మింగేసిన మాట. తెల్లక్కా, చెప్పి పంపించినాం అని అవ్వ అన్నప్పుడు, నీకు అర్థమైంది కదా? అర్థమయ్యే నన్ను అంతసేపు చూశావా?